నాలుగు సత్యాలు, నాలుగు పనులు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు మంచాన పడి ఎనిమిది నెలలైందనీ, రాత్రిళ్లు ఆయన నిద్రపోయాక బుద్ధుడి బోధలు చదువుతున్నావనీ, చదివినంతసేపూ మనసు కుదుటపడినట్టే ఉంటుందనీ, తెల్లవారి ఆయన మాత్ర మింగనని మొండికేయగానే గొంతు పెంచి అరుస్తున్నావనీ, ఆ తరవాత రోజంతా సిగ్గుతో కుంగిపోతున్నావనీ రాశావు. ఇంత చదివినా ఏమీ మారలేదే, లోపం బోధలో ఉందా, నాలో ఉందా అని అడిగావు. మీ పెదనాన్నగారికి నాలుగేళ్లు మంచం దగ్గర సేవ చేసినదాన్ని కనుక ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నాకు తెలిసినంతలో నీవు చేస్తున్న పొరపాటు ఒక్కటే, నేనూ చాలాకాలం అదే చేశాను. ఒక సత్యం దగ్గర చేయవలసిన పనిని ఇంకొక సత్యం దగ్గర చేస్తున్నావు.

సారనాథ్‌లో, అప్పటి పేరు ఇసిపతనం, ఐదుగురు సన్యాసులకు బుద్ధుడు చేసిన మొదటి బోధలో నాలుగు సత్యాలు ఉన్నాయని అందరమూ బడిలోనే చదువుకున్నాం. దుఃఖం, దానికి కారణం, దాని నిరోధం అంటే అది ఆగిపోవడం, ఆ నిరోధానికి మార్గం అని ఒప్పజెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆ బోధలోనే ఒక్కొక్క సత్యానికి ఒక్కొక్క పని చెప్పి ఉందన్న సంగతి పాఠ్యపుస్తకాలు సాధారణంగా వదిలేస్తాయి. దుఃఖం తెలుసుకోవలసినది. దానికి కారణమైన తృష్ణ విడిచిపెట్టవలసినది. నిరోధం స్వయంగా చూడవలసినది. మార్గం పెంపొందించుకోవలసినది. ఇది సత్యం, దీని దగ్గర చేయవలసిన పని ఇది, ఆ పని పూర్తయింది అని ఒక్కొక్క సత్యానికి మూడేసి చొప్పున పన్నెండు విధాలుగా తెలుసుకున్నాకే తనకు జ్ఞానోదయం కలిగిందని చెప్పుకోగలిగానని ఆయన అన్నాడు. మనమేమో దుఃఖాన్ని తెలుసుకోకుండానే విడిచిపెట్టాలని చూస్తాం. విడిచిపెట్టవలసిన తృష్ణను మాత్రం పుస్తకాల్లో చదివి తెలుసుకుని అక్కడితో ఆగిపోతాం. పొద్దున మీ నాన్నగారి మంచం పక్కన నీవు దుఃఖాన్ని వదిలించుకోవాలని చూస్తున్నావు. అది వదలడం లేదు కనుక అరుస్తున్నావు.

దుఃఖం అనే మాటనే ముందు కాస్త విప్పి చూద్దాం. తెలుగులో ఆ మాట వినగానే ఏడుపు, శోకం గుర్తుకొస్తాయి కానీ బౌద్ధంలో దాని పరిధి అంతకంటే పెద్దది, మూడు రకాలుగా చెప్తారు. నొప్పి, జ్వరం, అవమానం వంటివి దుఃఖ దుఃఖం. ఇది చెప్పకపోయినా తెలుస్తుంది. బాగున్నది మారిపోవడం వల్ల కలిగేది విపరిణామ దుఃఖం. మీ నాన్నగారు ఒకరోజు నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడితే ఆ సాయంత్రానికే నీకు దిగులు పట్టుకుంటుందని రాశావే, అది ఈ రెండో రకం. మూడోది సంఖార దుఃఖం. అనేక కారణాలు కలిస్తే తప్ప ఏదీ నిలబడని ఈ ప్రపంచంలో ప్రతిదాన్నీ పట్టి నిలబెట్టవలసి రావడంలో ఉండే భారం అది. నీకు సెలవు దొరకాలి, ఆయా రావాలి, మందు దొరకాలి, మా చెల్లెలికి నడుం నొప్పి రాకుండా ఉండాలి. వీటిలో ఒక్కటి జారినా రోజంతా జారిపోతుంది. "కారణం లేని అలసట" అని నీవు రాసిన దానికి కారణం ఇదేనని నా అనుమానం. నిద్ర చాలకపోవడం కూడా ఒక కారణమే అనుకో. నిద్రలేమికి బౌద్ధ గ్రంథాల భాషైన పాళీలో పేరు వెతకనక్కరలేదు, రాత్రి కాపలాకు ఇంకొకరిని కుదుర్చుకుంటే చాలు.

ఇక తెలుసుకోవడం అంటే ఏమిటో మాత్ర విషయంతోనే చెప్తాను. నీవు మాత్ర అందించావు, ఆయన పెదాలు బిగించారు. నీ కన్ను దాన్ని చూసింది, అది స్పర్శ; ఇంద్రియానికి విషయం తగలడాన్ని బౌద్ధంలో అలా అంటారు. వెంటనే లోపల ఒక చేదు పుట్టింది, అది వేదన. బౌద్ధంలో వేదన అంటే బాధ మాత్రమే కాదు. సుఖంగా, దుఃఖంగా, రెండూ కాకుండా తగిలే ఏ అనుభూతినైనా వేదన అనే అంటారు. ఆ చేదు తగిలిన మరుక్షణం "ఇది ఇలా ఉండకూడదు" అనే తోపుడు పుట్టింది, అది తృష్ణ. "ఈయన ఎప్పుడూ ఇంతే, నా కష్టం ఈయనకు పట్టదు" అని దాన్ని పట్టుకున్నావు, అది ఉపాదానం. ఆ తరవాత అరుపు. ఈ గొలుసులో స్పర్శను ఆపడం నీ చేతిలో లేదు, వేదనను ఆపడమూ నీ చేతిలో లేదు. అరుపును ఆపడం మాటకు నీ చేతిలోనే ఉన్నా అక్కడికి వచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది. వేదనకూ తృష్ణకూ మధ్య మాత్రం సందు ఉంది. సాధన అంతా ఆ సందులోనే.

కనుక ఆయన పెదాలు బిగించినప్పుడు మాత్రను బల్లమీద పెట్టు. నీ పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకో. ఆ చేదు ఒంట్లో ఎక్కడుందో వెతుకు. నాకైతే దవడలో ఉండేది, కొందరికి గుండెమీద బరువుగా ఉంటుంది. "ఇది దుఃఖ వేదన" అని మనసులో అనుకో. ఆ మాటలో ఆయన లేరు, నీవు లేవు, ఎవరి తప్పూ లేదు. ఉన్నదానికి ఉన్న పేరు అంతే. మూడు నాలుగు శ్వాసలు గడిచాక ఏమనాలో అను. ఆ పావు నిమిషంలో ఆయన రోగం ముదరదు. అయితే ఈ అభ్యాసాన్ని మాత్ర దగ్గర మొదలుపెట్టకు, ఈత నేర్చుకునేవాడు వరదలో దిగడు. లిఫ్టు ఆలస్యమైనప్పుడు, ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు, ఆఫీసులో నీ మాట మధ్యలో ఎవరైనా అడ్డు తగిలినప్పుడు చేసి చూడు. రోజూ కనీసం పది అవకాశాలు రాకపోతే నీవు అదృష్టవంతుడివే.

బుద్ధుడి బోధల సంపుటాలను నికాయాలనీ, వాటిలో ఒక్కొక్క బోధను సుత్తమనీ అంటారు కదా, సంయుత్త నికాయంలోని సల్ల సుత్తంలో రెండు బాణాల ఉపమానం ఉంది, నీవు చదివే ఉంటావు. బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా తగిలినట్టు, బోధ వినని మనిషి ఒంటి బాధకు తోడు మనసు బాధను కూడా అనుభవిస్తాడని దాని సారాంశం. అందరూ అక్కడితో ఆపేస్తారు కానీ దాని తరవాతి మాటే నాకు ఎక్కువ పనికివచ్చింది. అటువంటి మనిషి బాధ తగిలినప్పుడు ఇంద్రియ సుఖాల వెంట పడతాడట, ఎందుకంటే బాధనుంచి బయటపడే దారి అతనికి అదొక్కటే తెలుసు. మోకాలి శస్త్రచికిత్స తరవాత నెలన్నర పాటు నేను రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఏవేవో వీడియోలు చూస్తూ ఉండేదాన్ని. వాటిలో ఒక్కటీ నాకు నచ్చి చూసింది కాదు. నొప్పి నుంచి పారిపోవడానికి నాకు వేరే తలుపు తెలియక చూశాను. నొప్పికి డాక్టరు ఇచ్చిన మాత్ర మాత్రం వేళకు వేసుకున్నాను; మొదటి బాణాన్ని పీకే వీలున్నప్పుడు పీకకుండా కూర్చోమని ఆ సుత్తం చెప్పలేదు. బుద్ధుడే వెన్ను నొప్పిగా ఉన్నప్పుడు బోధను శిష్యుడు ఆనందుడికి అప్పగించి, నడుం వాలుస్తానని పక్కకు ఒరిగిన సందర్భం మజ్ఝిమ నికాయంలో ఉంది.

ఇప్పుడు తృష్ణ సంగతి. ఇది కూడా మూడు రకాలు: కామ తృష్ణ, భవ తృష్ణ, విభవ తృష్ణ. ఇంద్రియ సుఖాలు కావాలనుకోవడం మొదటిది, ఫలానా విధంగా ఉండాలి, ఫలానావాణ్ణి కావాలి అనుకోవడం రెండోది. వీటి గురించి ఎక్కడైనా దొరుకుతుంది కనుక వదిలేస్తాను. సంసారులు గుర్తుపట్టనిది మూడోది. ఉన్నది లేకుండా పోవాలి, అయిపోవాలి, మాయమవ్వాలి అనే కోరిక విభవ తృష్ణ. నీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం మొదలుపెట్టి, కింద అక్షరాలు కనబడనంతగా కొట్టేశావు. ఆ కొట్టివేత కింద ఏముందో నేను ఊహించగలను. మూడో ఏడు ఒక తెల్లవారుజామున దుప్పట్లు మారుస్తుండగా "ఈయన త్వరగా వెళ్లిపోతే బాగుండు" అన్న ఆలోచన నాకూ వచ్చింది. వచ్చిందని తెలిసిన క్షణంలో నా చేతులు వణికాయి; ఆ తరవాత వారం రోజులు ఆయన మొహం చూడలేకపోయాను, ఆయనకు అవసరానికి మించి సేవ చేసి నన్ను నేను శిక్షించుకున్నాను. అది విభవ తృష్ణ అని, ఆ కోరిక ఆ పరిస్థితి ముగియాలన్నదే గానీ ఆ మనిషిమీద ద్వేషం కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నీకు ముందుగానే చెప్తున్నాను. ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన నీవు చెడ్డవాడివి కావు. అలాగని దాన్ని కూర్చోబెట్టి పెంచనూ వద్దు.

విడిచిపెట్టడం అంటే పీక నొక్కడం అని మనం అనుకుంటాం. చెడు ఆలోచనలను తొలగించుకునే పద్ధతులు ఐదు, వితక్కసంఠాన సుత్తంలో ఒక వరుసలో ఉన్నాయి. వడ్రంగి ముతక చీలను సన్నని చీలతో కొట్టి బయటికి పంపినట్టు చెడు ఆలోచన స్థానంలో మంచి ఆలోచనను తెచ్చుకోవడం మొదటిది. అది కుదరకపోతే ఆ ఆలోచన వల్ల వచ్చే కీడును చూడాలి. అదీ కుదరకపోతే దాన్ని పట్టించుకోకుండా, చూడదలచుకోనివాడు కళ్లు మూసుకున్నట్టు పక్కకు తిరగాలి. నాలుగోది, వేగంగా నడిచేవాడు ఎందుకింత వేగం అనుకుని నెమ్మదించి, తరవాత నిలబడి, తరవాత కూర్చుని, చివరికి పడుకున్నట్టు ఆలోచన వేగాన్ని మెట్టుమెట్టుగా దించడం. ఇవన్నీ విఫలమైతేనే, పళ్లు బిగించి మనసుతో మనసును అణచమని ఐదోది. మనలో చాలామంది ఐదోదానితోనే మొదలుపెట్టి, ఓడిపోయి, బోధ పనికిరాదని పుస్తకం మూసేస్తారు. నా అనుభవంలో మొదటిది పదిలో ఆరు సార్లు పనిచేసింది. ఆ వణికిన చేతులతో ఆయన దుప్పటి సరిచేస్తూ "ఈయనకు ఈ గంట సుఖంగా గడవాలి" అనుకోవడమే నా సన్నని చీల. ఆ గంట గురించి మాత్రమే కోరుకునేదాన్ని. ఏళ్ల గురించి కోరుకుంటే అది మళ్లీ తృష్ణ అయి కూర్చునేది.

మూడో సత్యం గురించి పెద్ద మాటలు చెప్పే అర్హత నాకు లేదు. నిర్వాణం సంగతి అనుభవమున్నవారిని అడుగు. కానీ చూడవలసినది అన్న ఆ పని చిన్న స్థాయిలో నీవూ నేనూ చేయవచ్చు. కోపం వచ్చినప్పుడు మనకు తెలుస్తుంది; కోపం పోయిన క్షణాన్ని ఎవరమైనా గమనిస్తామా? పది గంటలకు మండిన మనసు పదకొండింటికి మామూలుగా ఉంటుంది, మధ్యలో ఏ నిమిషంలో చల్లారిందో మనకు తెలియదు. రాత్రి పుస్తకం తెరిచే ముందు, ఆ రోజు ఒక తోపుడు ఎక్కడ ఆగిపోయిందో ఒక్కటి గుర్తు తెచ్చుకుని చిన్న పుస్తకంలో రాసుకో. ఆ ఆగిన తరవాత ఒళ్లు ఎలా ఉందో కూడా రాయి. ఇది చేయకపోతే నిరోధం అనేది ఎప్పటికీ వేరేవాళ్లు చెప్పిన మాటగానే మిగిలిపోతుంది.

మార్గానికి ఎనిమిది అంగాలు ఉన్నాయి కానీ నీ పరిస్థితిలో నేను సమ్యక్ వాక్కుతో, అంటే సరైన మాటతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే నీ ఇంట్లో గాయపరిచేదీ మాటే, మానేదీ మాటతోనే. మాట్లాడే మాట సమయానికి తగినదిగా, నిజమైనదిగా, మృదువుగా, ప్రయోజనకరంగా, మైత్రితో కూడినదిగా ఉండాలని అంగుత్తర నికాయంలో ఐదు లక్షణాలు చెప్పారు. "మాత్ర వేసుకోకపోతే చచ్చిపోతారు" అన్నది ఒకవేళ నిజమే కావచ్చు. మిగతా నాలుగింటిలో ఒక్కటైనా దానికి ఉందేమో నీవే చూడు.

రోగి సేవ గురించి బుద్ధుడు నేరుగా చెప్పింది కూడా ఉంది, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో. విరేచనాలతో బాధపడుతున్న ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉండగా, అతను ఎవరికీ ఏ సాయమూ చేయలేదు కనుక మిగతావారు అతన్ని పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోయగా ఆనందుడు అతన్ని కడిగి, తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టుకుని మంచంమీద పడుకోబెట్టారు. "నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి" అని బుద్ధుడు అన్నది అప్పుడే. ఆ తరవాత సేవ చేసేవాడికి ఉండవలసిన లక్షణాలు చెప్పారు: మందు సిద్ధం చేయగలగాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలిసి ఉండాలి, లాభం ఆశించకుండా మైత్రితో చేయాలి, మలమూత్రాలను, కఫాన్ని, వాంతిని ఎత్తిపోయడానికి అసహ్యించుకోకూడదు, వేళకు మంచి మాట చెప్పి ఉత్సాహపరచగలగాలి. నాకు ఇంకా నచ్చింది దాని పక్కనే ఉన్న మరో జాబితా. సేవ చేయడానికి కష్టమైన రోగి ఎలా ఉంటాడో అందులో ఉంది: తనకు పడనిది చేస్తాడు, పడేదానిలో మితం తెలియదు, మందు వేసుకోడు, రోగం ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడు, బాధ ఓర్చుకోడు. రెండున్నర వేల ఏళ్ల నాటి మాటలో మీ నాన్నగారు అచ్చుగుద్దినట్టు కనిపించడం లేదూ? మందు మింగని రోగి నీకొక్కడికే తగల్లేదు. నన్ను బాధపెట్టడానికే ఇలా చేస్తున్నారు అనే కథను ఈ ఒక్క జాబితా నా మనసులో సగానికి సగం తగ్గించింది.

కొన్ని హెచ్చరికలు కూడా వినాలి. ఈ బోధను ఎదుటివారిమీద ప్రయోగించకు. బిడ్డను పోగొట్టుకున్న ఒకావిడ దగ్గర కూర్చుని నేను ఒకసారి అనిత్యం గురించి, ఏదీ నిలిచి ఉండదన్న సంగతి గురించి మాట్లాడాను. ఆవిడ ఆ తరవాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోవడమే న్యాయం. చనిపోయిన బిడ్డను చంకనేసుకుని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరూ చనిపోని ఇంటినుంచి ఆవాలు తెమ్మని పంపాడు. ఇల్లిల్లూ తిరిగి ఆవిడే తెలుసుకుంది. ఇంకొకటి, దుఃఖం కలగకపోవడమే సాధనకు గుర్తు అనుకోకు. ముఖ్య శిష్యులు సారిపుత్తుడు, మొగ్గల్లానుడు కన్నుమూశాక ఈ సభ నాకు శూన్యంగా కనిపిస్తోందని బుద్ధుడే భిక్షువులతో అన్నాడు. నీ భార్య నిన్ను రాయిలా మారావని అన్నదని రాశావు; ఆమె మాటను పుస్తకం మాటకంటే ముందు విను. అలాగే తెల్లవారి లేవబుద్ధి కాకపోవడం, ఏమీ రుచించకపోవడం వారాల తరబడి సాగితే దాన్ని దుఃఖ సత్యం అని పేరుపెట్టి మోయకు, వైద్యుడి దగ్గరికి వెళ్లు.

రోజూ పొద్దున మననం చేసుకోవలసినవి ఐదు అని నీవు గోడమీద రాసి పెట్టుకున్నావట, మంచిదే. ముసలితనం నాకు తప్పదు, రోగం తప్పదు, మరణం తప్పదు, ప్రియమైనవన్నీ నన్ను విడిచిపోక తప్పదు అని నాలుగు రాశావు. ఐదోది వదిలేశావు, అందరూ అదే వదిలేస్తారు: నా కర్మకు నేనే వారసుణ్ణి, నేను చేసినదే నాకు మిగులుతుంది. ఆ ఒక్కటి లేకపోతే మిగతా నాలుగూ మనిషిని నీరుగార్చడానికే పనికివస్తాయి. పోయేవాటి నడుమ నీ చేతిలో ఉన్న పని ఏమిటో చెప్పేది ఐదోదే కనుక దాన్ని కూడా రాసుకో, వీలైతే మొదట రాసుకో.

రాత్రి రెండు గంటలు ధ్యానంలో కూర్చుంటున్నానన్నావు. తగ్గించు. పాదాలనుంచి రక్తం కారేదాకా నడిచి సాధన చేసిన సోణుడనే భిక్షువుతో, వీణ తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులైతే పలుకుతుందా అని బుద్ధుడు అడిగింది అతను గృహస్థుగా వీణ వాయించినవాడు కాబట్టే. నీవు రోగి పక్కన ఉన్నవాడివి, నీ తీగ ఇప్పటికే బిగిసి ఉంది. ఇరవై నిమిషాలు చాలు, మిగతా సమయం నిద్రకు ఇవ్వు.

ఎంతకాలం పడుతుందని చివర అడిగావు. వడ్రంగి రోజూ పట్టుకునే బాడిసె పిడిమీద వేళ్ల గుర్తులు పడతాయి. ఈరోజు ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని అతనికి తెలియదు, అరిగిందని మాత్రం తెలుస్తుంది అని బుద్ధుడు చెప్పిన ఉపమానం ఒకటి ఉంది. మూడో ఏడు గడిచాక ఒకరోజు మీ పెదనాన్నగారు గ్లాసు విసిరేస్తే నేను కోపం తెచ్చుకోవడం మరిచిపోయి గాజుపెంకులు ఏరాను. ఏరడం పూర్తయ్యాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. మరునాడు మళ్లీ అరిచాను అనుకో.

వచ్చే శనివారం నేను బయలుదేరి వస్తున్నాను. మా చెల్లెలికి చెప్పు. రెండు రాత్రులు మీ నాన్నగారి దగ్గర నేను కూర్చుంటాను, ఆ రెండు రాత్రులూ నీవు ఏ పుస్తకమూ తెరవకుండా పడుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ